మొదటి ముక్క మల్లవ్వకు

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా శాంతి నగర్ గల్లీలన్నీ మసాలా వాసన కొడతాయి. మగవాళ్ళు మటన్ దుకాణం ముందు, ఆడవాళ్ళు అల్లం వెల్లుల్లి ముందు ఉంటారు. సాంచాలు మాత్రం తమ టకటక మానవు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. గాలయ్యకు అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. కింద కార్ఖానా, పైన రెండు గదుల్లో సంసారం. కరీంనగర్ దిక్కు నుంచి తండ్రి చేయి పట్టుకుని ముంబై పక్కనున్న భివండీలో బస్సు దిగినవాడు, ఇప్పుడు నలుగురికి పని ఇచ్చే సేఠ్.

ఆ ఇంట్లో కూర ఉడికిందో లేదో చూసే పని కోడలు నమ్రతది. అది ఏ జీవిదో చెప్పే పని అత్త, గాలయ్య భార్య మల్లవ్వది. కూర దించగానే చిన్న గిన్నెలో మొదటి ముక్క తీసి ఆమెకు పెట్టాలి. ఆమె కండెలు చుట్టే రాట్నం పక్కకు జరిపి, చేయి కడుక్కుని, ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నములుతుంది. నమిలితే ఆ జీవి బతుకంతా ఆమెకు తెలిసిపోతుంది.

“ఇది నాసిక్ దిక్కుది,” అంటుంది. “మందల పుట్టింది. ముందటి కాలు జరంత కుంటు. కాపరి పెండ్లాం అరచేతిల ఉప్పు పోసి నాకిచ్చేది. లారీ ఎక్కిచ్చినప్పుడు అది ఆమె దిక్కే చూసింది.”

“అయ్యో పాపం,” అంటాడు గాలయ్య. అని, కంచం దగ్గరికి జరుపుకుంటాడు.

ఇందులో వింతపడేందుకు ఎవరికీ ఏమీ కనిపించలేదు. కొందరికి మోకాలు గుంజితే వాన వస్తుందని తెలుస్తుంది, మల్లవ్వకు నమిలితే తెలుస్తుంది, అంతే. పైగా పనికొచ్చే సంగతి. ఒకసారి మనవాళ్ళ పెళ్ళిలో ముక్క నోట్లో పెట్టుకుని, “ఇది కోసింది గాదు, సచ్చినంక కోసిర్రు,” అంది. నాలుగు వందల మంది భోజనం అప్పటికప్పుడు మురుగు మోరీలో పోశారు. అప్పటినుంచి శాంతి నగర్ కసాయిలు గాలయ్య ఇంటి మనిషి వస్తే మంచి చోటు చూసి కోస్తారు, తూకం కూడా మొగ్గుగానే ఉంటుంది.

నలభై ఏళ్ళుగా ఆమె చెబుతోంది, వాళ్ళు వింటున్నారు. విని జాలితో ఒక్కరు కంచం ముందు నుంచి లేచింది లేదు. ఆమె కొడుకు పంకజ్ చిన్నప్పుడు ఒకసారి కోడి కథ విని ఏడ్చాడు. లెగ్ పీస్ వేస్తే ఊరుకున్నాడు. మల్లవ్వ కూడా చెప్పీ చెప్పగానే తినేది. తినేవాడికి తెలియాలి, తెలియకుండా తింటే అది దొంగతనం అని ఆమె నమ్మకం. తెలిసి తింటే ఏమవుతుందో ఆమె అప్పటికి ఆలోచించలేదు.

కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు ఇస్రార్. ఆజంగఢ్ నుంచి వచ్చిన నేత మనిషి, ఎనిమిది సాంచాలు ఒక్కడే నడుపుతాడు, గాలయ్య ఇంటి తెలుగు గాలయ్య మనవరాలికంటే బాగా మాట్లాడతాడు. రెండోవారు గంగాబాయి. సాంచాల కింద పేరుకున్న దూది నూగు ఊడ్చే మరాఠీ మనిషి. ఆమె చాయ్ గ్లాసు కిటికీలో వేరే ఉంటుంది. ఎందుకంటే వాళ్ళ ఇళ్ళలో పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, తింటారని. ఇస్రార్ కూడా అదే తింటాడు. కానీ ఎనిమిది సాంచాలు నడిపేవాడికి వేరే గ్లాసు పెట్టడానికి గాలయ్యకు ధైర్యం చాలలేదు.

ఆషాఢంలో పోచమ్మకు యాటను, అంటే మొక్కు మేకను, కోసినప్పుడు మల్లవ్వ ఇస్రార్‌కు ఒక పోగు పంపుతుంది. బంధువులకు పంచినట్టే, పచ్చి మాంసం కుప్పలు పెట్టి అందులో ఒకటి. ఆ పోగు మీద ఆమెకు ఎంత శ్రద్ధ అంటే, ఇస్రార్‌కు తినడానికి అడ్డు ఉండకూడదని పోచమ్మ యాటను కూడా కసాయిని పిలిపించి, అతను దువా చదివాకే కోయిస్తుంది. ఊళ్ళో కూడా అట్లాగే చేసేవాళ్ళని అంటుంది. మరునాడు ఇస్రార్ పనిలోకి రాగానే అడుగుతుంది, కూర ఎట్లుందని. చాలా బాగుంది అమ్మా అని అతను చెబుతాడు. ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఆమెకు ఏటా అదే సంతోషం.

గాలయ్య మనవరాలు దీపాలికి ఐదో ఏడు నడుస్తుండగా ఊపిరాడటం కష్టమైంది. కింద నుంచి లేచే నూగు గదుల్లోకి వస్తుంది, అన్నం మీద కూడా తెల్లగా పడుతుంది. పిల్ల కూర్చుని నిద్రపోయేది, పడుకుంటే ఛాతీలో పిల్లి అరిచినట్టు చప్పుడు. ఈ ఇల్లు మారకపోతే నేను రాసే మందులు దండగ అని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు.

ధామన్‌కర్ నాకా కూడలి అవతల ఏడంతస్తుల కొత్త బిల్డింగులో ఒక ఫ్లాట్ అద్దెకు ఉంది. గాలి ఉంది, లిఫ్టు ఉంది, కిటికీ తీస్తే దూరంగా కొండ ఉంది. మాంసం తినేవాళ్ళకు ఇవ్వకూడదని సొసైటీ నియమం కూడా ఉంది. చైర్మన్ కాంతిభాయ్ మెత్తని మనిషి, పొద్దున్నే పావురాలకు జొన్నలు వేసి గాని చాయ్ తాగడు. మాకు చంపడం అలవాటు లేదు, మా గోడల మధ్య ఆ వాసన ఉండకూడదు, ఇంతే మా కోరిక అన్నాడు. పంకజ్ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాడు. కానీ మల్లవ్వ నాలుక సంగతి నాకా దాటి కూడా తెలిసిన విషయం. అలాంటి ముసలామె ఇంట్లో ఉంటే కాగితాన్ని ఎట్లా నమ్మాలి అని కమిటీలో ఒకరు అడిగారు.

అప్పుడు పంకజ్ తల్లికి తులసి మాల వేయించాడు. ఇక్కడి మరాఠీ వాళ్ళలో పండరికి నడిచి వెళ్ళేవాళ్ళు వేసుకునే మాల అది. వేసుకున్నవాళ్ళు మాంసం ముట్టరు. మాట తప్పరు అని ఊరంతా నమ్ముతుంది. మల్లవ్వ మెడ వంచి వేయించుకుంది. మనవరాలి ఊపిరి కోసం మాలేమిటి, బండరాయి కట్టుకోమన్నా కట్టుకునేదే.

ఫ్లాట్‌కు వచ్చిన నాలుగో వారానికి దీపాలి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నమ్రత పక్కన కూర్చుని ఆ ఛాతీ లేవడం, దిగడం చూస్తూ ఏడ్చింది. మల్లవ్వ కూడా చూసింది. ఆమె నోరు మాత్రం చప్పబడింది. పప్పు ఏమీ చెప్పదు, వంకాయ ఏమీ చెప్పదు. మొదట్లో ఆ నిశ్శబ్దం ఆమెకు సెలవు దొరికినట్టే అనిపించింది.

ఒక్కసారి మాత్రం పొరపాటు జరిగింది. సొసైటీ పూజలో పాలకోవా ప్రసాదం పెడితే ఆమె అలవాటు కొద్దీ నమిలి, అలవాటు కొద్దీ చెప్పేసింది. “ఇది పాలమ్మే తబేలా బర్రెది. దూడను రెండో రోజే గుంజుకపోయి గేటు బయట కట్టేసిర్రు. పాలు తాగనియ్యక అదే సచ్చింది. దాని తోలుల గడ్డి కుక్కి ముందట నిలబెడితే, తల్లి దాన్ని నాక్కుంట పాలిచ్చింది.” హాల్లో ఎవరూ అయ్యో పాపం అనలేదు. ఒకామె కోవా పక్కన పెట్టేసి, ఇక్కడ అలాంటివి మాట్లాడకూడదు ఆంటీ అంది. కాంతిభాయ్ ముఖం పాలిపోయింది. మాంసం తినేవాళ్ళు నలభై ఏళ్ళు తీరిగ్గా కూర్చుని విన్నారు, తిననివాళ్ళు ఒక్కసారి వినలేకపోయారు. మల్లవ్వ ఆ తర్వాత పాలు మానుకుని నోరు మూసుకుంది.

ఆషాఢం వచ్చింది. దీపాలి దమ్ము, అదే ఆయాసం, తగ్గితే యాటను ఇస్తానని మల్లవ్వ ఎప్పుడో మొక్కుకుంది. దమ్ము తగ్గింది. తగ్గించింది ఫ్లాటైనా, మొక్కు పోచమ్మదే కదా. గాలయ్య వద్దన్నాడు, పంకజ్ కాళ్ళావేళ్ళా పడ్డాడు, ఆమె వినలేదు. పిల్లకు మళ్ళీ ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు అని ఒకే మాట. చివరికి ఒక ఆదివారం శాంతి నగర్ కార్ఖానాలో, షట్టరు దించి, మేక అరుపు వినపడకుండా పద్దెనిమిది సాంచాలూ నడిపిస్తూ పని కానిచ్చారు. చుట్టాలను పిలవలేదు. నోరు జారుతాడేమోనని కసాయిని కూడా పిలవలేదు. ఇస్రార్‌కు, గంగాబాయికి మధ్యాహ్నం దాకా రావద్దని చెప్పారు.

మేక మీద పసుపు నీళ్ళు చల్లితే అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, మేకా ఒప్పుకున్నట్టు. ఆ మేక విదిలించలేదు. మూడుసార్లు చల్లినా నిలబడి చూస్తూనే ఉంది. సొసైటీ వాళ్ళు ఎవరైనా ఇటు వస్తారేమోనని పంకజ్‌కు చెమటలు పడుతున్నాయి. చెంబు వంచి దాని చెవిలో నీళ్ళు పోశాడు. అది తల, మెడ, ఒళ్ళు అన్నీ విదిలించింది. ఒప్పుకుంది ఒప్పుకుంది అన్నాడు గాలయ్య, కత్తి అందుకున్నాడు. కొమ్ములు పట్టుకున్న మల్లవ్వ, కసాయి నోట ఇరవై ఏళ్ళు విన్న దువాలో తనకు గుర్తున్న ఒక్క ముక్కను లోపల్లోపల అనుకుంది, ఇస్రార్ పోగు కోసం.

మాల ఉంది కనుక ఆమె ఆ కూర ముట్టలేదు. మొదటి ముక్క ఎవరికీ పెట్టలేదు. ఆ మేక ఎవరో తెలియకుండానే తండ్రీ కొడుకులు రెండు ముద్దలు గబగబా తిని, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని ఫ్లాట్‌కు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పనికి వచ్చి సాయంత్రం ఇంటికి బయలుదేరిన ఇస్రార్‌కు మల్లవ్వ పోగును నల్ల కవరులో కట్టి ఇచ్చింది. కసాయి రాలేదన్న సంగతి చెప్పలేదు.

ధామన్‌కర్ నాకా దగ్గర నలుగురు యువకులు ఇస్రార్ సైకిల్ ఆపారు. వాన పడుతోంది, కవరు చిల్లుపడి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. ఏంటిది అన్నారు. మేక అన్నాడు. గోమాంసం అన్నారు. మా సేఠ్ ఇంట్లో ఇచ్చారు అన్నాడు. సేఠ్ ఎక్కడుంటాడంటే ఫలానా బిల్డింగు అని చెప్పాడు. ఆ పేరు విని వాళ్ళు పడీపడీ నవ్వారు. పప్పు వాసన తప్ప ఇంకోటి లేని బిల్డింగులో మాంసం ఇచ్చారట. ఆ తర్వాత కొట్టారు. పోలీసులు వచ్చేసరికి అతని పెదవి చీలి ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ రాత్రే జీపుతో బిల్డింగుకు వచ్చాడు. కింద సొసైటీ ఆఫీసులో కాంతిభాయ్, కమిటీ వాళ్ళు, కొట్టిన ఆ నలుగురిలో ఫోను పట్టుకున్న ఒకతను. గాలయ్య, పంకజ్, మల్లవ్వలను కిందికి పిలిపించారు. మీరు ఇస్రార్‌కు మాంసం ఇచ్చారా అని అడిగితే గాలయ్య నేల చూశాడు. పంకజ్ స్టాంపు కాగితం బల్ల మీద పెట్టాడు. మేం తినం సాహెబ్ అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు మల్లవ్వ సంగతి తెలుసు. లేబొరేటరీ రిపోర్టు రావడానికి నెలో, రెండు నెలలో పడుతుంది. అంతవరకూ ఇతన్ని లోపల ఉంచాల్సి వస్తుంది. ఆజీ, అంటే అవ్వ, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని చెబితే ఇప్పుడే పంచనామా రాసి పంపేస్తాను అన్నాడు. అక్కడున్న ఎవరికీ అది తప్పుగా తోచలేదు. ఫోను పట్టుకున్న యువకుడు కూడా ఆజీ చెబితే మేం ఒప్పుకుంటామన్నాడు.

“మా అమ్మ మాల వేసుకుంది సాహెబ్,” అన్నాడు పంకజ్. “నోట పెట్టదు.”

ఇన్‌స్పెక్టర్ చొక్కా కింద కూడా అదే మాల ఉంది. అతని చేయి అక్కడికి పోయింది. “నిజమేనా ఆజీ?” అని అడిగాడు.

కిటికీలోంచి జీపు కనిపిస్తోంది. వెనక సీటులో ఇస్రార్, పెదవి మీద రుమాలు పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. పైన నాలుగో అంతస్తులో దీపాలి వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. మాల తీసి పక్కన పెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముక్క కూడా అక్కర్లేదు, ఆ పోగు మాదే అని ఒక్క మాటంటే సరిపోయేది. అది మల్లవ్వకు బాగా తెలుసు.

“అవు,” అంది.

ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ జోడించి ఆమెకు నమస్కారం పెట్టాడు. జీపు వెళ్ళిపోయింది. పైకి వెళ్ళాక గాలయ్య, రిపోర్టులో మేక అని తేలితే వాళ్ళే వదిలేస్తారు, ఎందుకు బెంగ అన్నాడు. నమ్రత అన్నం పెట్టింది. మల్లవ్వ తింది. పప్పు ఏమీ చెప్పలేదు. కానీ ఆ నిశ్శబ్దం ఇప్పుడు సెలవులా లేదు.

పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజు గంగాబాయి వచ్చింది. పనివాళ్ళ లిఫ్టులో పైకి వచ్చి, గడప బయటే నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

“ఆ పోగు నాకే తెస్తుండె బాయీ,” అంది.

మల్లవ్వకు అర్థం కాలేదు. గంగాబాయి కోపం లేకుండా, కార్ఖానా ఊడ్చిన సంగతి చెప్పినట్టు చెప్పింది. “ఏటా నాకే ఇస్తడు. మీ దేవికి ఇచ్చింది వాళ్ళకు నడ్వదంట. దువా చదివినా నడ్వదంట. అమ్మ గింత మనసు పెట్టి ఇస్తే వద్దని ఎట్ల అంట అని తీసుకునేటోడు. సీదా నా ఇంటికి తెచ్చి నా పిల్లలకిచ్చేటోడు. ఇరవై ఏండ్లు.”

పోలీసు ఠాణాకు తనే వెళ్ళి ఆ మాట చెప్పిందట. నీ ఇంట్లో ఏం తింటారో మాకు తెలియదా అని అక్కడివాళ్ళు నవ్వి పంపేశారట. ఇస్రార్ చెప్పినా నమ్మలేదు, తను చెప్పినా నమ్మలేదు. ఈ ఊళ్ళో నమ్మేది ఒక్క మల్లవ్వ నాలుకనే.

“మరి నాకెందుకు చెప్పకపోతివి, ఇన్నేండ్లు?”

“నా ఇంట్ల ఏం వండుతమని నువ్వెప్పుడన్న అడిగినవా బాయీ?”

మల్లవ్వ లోపలికి వెళ్ళి మాల తీసి దేవుడి గూట్లో పెట్టింది. చెప్పులు వేసుకుంటుంటే నమ్రతకు అంతా అర్థమైంది. అడ్డం రాలేదు. “అత్తమ్మా, పాప,” అని మాత్రం అంది. దీపాలి నేల మీద బొమ్మలు గీసుకుంటోంది, నోరు మూసుకుని ముక్కుతోనే హాయిగా ఊపిరి తీస్తోంది. మల్లవ్వ ఒక్క నిమిషం నిలబడి చూసి, గంగాబాయి వెంట నడిచింది.

ఒక పొట్లం లేబొరేటరీకి పోగా, ఠాణాలో మంచు పెట్టెలో రెండో పొట్లం ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆమె ఖాళీ మెడ చూశాడు. ఇద్దరు పంచులను, అంటే సాక్షులను, పిలిపించాడు. ఒకతను ఆ రోజు ఫోను పట్టుకున్న యువకుడే. పొట్లం విప్పి, పచ్చి ముక్క, పదకొండు రోజుల వాసనతో, కాగితం మీద పెట్టారు. ఆమె నోట్లో వేసుకుంది. ఒకసారి డోకు వచ్చింది, ఆపుకుంది, నమిలింది.

“ఇది మేక,” అంది. “వాడా ఊరి దిక్కు పుట్టింది. నల్లది, నొసట తెల్ల మచ్చ. తల్లికి పాలు లేకపోతే ఒక పిల్ల దీన్ని సీస పట్టి సాకింది. ఆ పిల్ల బడికి పోతుంటే వెనక పోయేది. టెంపోల శాంతి నగర్ వచ్చింది. సాంచాల సప్పుడుకు మూడు దినాలు మేత ముట్టలే. పోచమ్మ ముందట నిలబెడితే ఒళ్ళు విదిలించలే. నా కొడుకు చెవుల నీళ్ళు పోసిండు. కోసింది నా పెనిమిటి. కొమ్ములు పట్టుకున్నది నేను. ఆఖరికి అది చూసింది నా మొఖమే.”

రాస్తున్న పోలీసు తల ఎత్తి, చెవిలో నీళ్ళ సంగతి కూడా రాయాలా అని అడిగాడు. రాయమంది. వేలిముద్ర వేసింది. యువకుడు కూడా సంతకం పెట్టి, వెళ్ళేముందు వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. సత్యం చెప్పారు ఆజీ అన్నాడు. ఇస్రార్ ఉన్న గది వైపు చూడలేదు.

ఇస్రార్ బయటికి వచ్చాడు. పెదవి మానింది గాని వంకరగా మానింది. ఆమె ఎదురు వెళ్ళింది. ఏం అడగాలో తోచక, అడగకూడని మాటే అడిగింది.

“తినకపోతివి గదా. మరి ఏటా మంచిగున్నదని ఎట్ల చెప్పినవ్ బిడ్డా?”

“గంగాబాయి పిల్లలు మంచిగుందనేటోళ్ళు అమ్మా. నేను అదే మీకు చెప్పేటోన్ని.” “ఆ దినం కిటికీల మీరు కనబడ్డరు,” అన్నాడు. తిట్టినా ఆమెకు కొంత తేలికగా ఉండేది.

అతను మళ్ళీ సాంచాల మీదికి రాలేదు. విగ్రహం ముందు కోసిన మాంసం మోసేవాడివా అని వాళ్ళ మొహల్లాలో కూడా కొందరు నిలదీశారట. వారం తిరక్కుండా ఆజంగఢ్ రైలెక్కాడు. గాలయ్య ఆపలేదు. నెల తర్వాత లేబొరేటరీ రిపోర్టు వచ్చింది, మేక అని. దాన్ని ఎవరూ చదవలేదు.

ఫ్లాట్ ఖాళీ చేయమని చెప్పడానికి కాంతిభాయ్ స్వయంగా పైకి వచ్చాడు. చేతులు జోడించాడు. మీరు నిజం చెప్పారు, నాకు గౌరవమే, కానీ కాగితం కాగితమే అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, ఆ రోజు దూడ గురించి చెప్పింది నిజమేనా అని అడిగాడు. నిజమే అంది మల్లవ్వ. అప్పటినుంచి పాలు తాగలేకపోతున్నానని చెప్పి, నెలాఖరుకు తాళాలు ఇమ్మని గుర్తు చేసి వెళ్ళాడు. నలభై ఏళ్ళలో ఆమె మాట విని ఒకటి మానేసిన మొదటి మనిషి అతనే.

మళ్ళీ సాంచాల మీది గదుల్లోకి వచ్చిన పదిహేను రోజులకు దీపాలి కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టింది. పంకజ్ భార్యను, బిడ్డను తీసుకుని నాందేడ్‌లో నమ్రత పుట్టింటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తల్లితో మాట్లాడలేదు. ఆదివారం మటన్ ఇప్పుడు గాలయ్యే వండుకుంటాడు, తనే వడ్డించుకుంటాడు. మల్లవ్వకు మొదటి ముక్క పెట్టడు. ఆఖరిది కూడా పెట్టడు. ఠాణాలో ఏ పొట్లంలో ముక్కో నోట పెట్టుకుని మైలపడి వచ్చిన మనిషి కదా.

మరుసటి ఆషాఢంలో పోచమ్మకు యాటను మళ్ళీ కోశారు, ఈసారి అందరినీ పిలిచి. పోగులు పెట్టినప్పుడు మల్లవ్వ ఒకటి ఎక్కువ పెట్టింది. నల్ల కవరులో కట్టుకుని, గొడుగు పట్టుకుని, నాకా అవతల గంగాబాయి బస్తీకి తనే వెళ్ళింది. గంగాబాయి ఇప్పుడు నాగావ్‌లో ఇంకెవరి కార్ఖానాలోనో ఊడుస్తోంది. ఇరవై ఏళ్ళు తన దగ్గర పనిచేసిన మనిషి ఇల్లు మల్లవ్వ చూడటం అదే మొదలు. గడప దగ్గర నిలబడి కవరు చాచింది.

గంగాబాయి చేతులు చాచలేదు.

“ఇస్రార్‌భాయి తెస్తే పిల్లలకు కూరయ్యేది బాయీ,” అంది. “నువ్వు తెచ్చింది నాకొద్దు. నీ మనసు తేలిక చేసుకునుడు కోసం తెచ్చినవ్. దాన్ని నేనెట్ల వండాలె?”

కూర్చోమంది. చాయ్ పెట్టి ఇచ్చింది, తాము తాగే గ్లాసులోనే. మల్లవ్వ తాగింది. పాలు బర్రెవే, దూడ సంగతి వాటిలో ఉంది. చెప్పలేదు. కవరు పట్టుకుని మళ్ళీ వానలో బయలుదేరింది.

ధామన్‌కర్ నాకా దగ్గర ట్రాఫిక్ చూసి ఆమెకు రోడ్డు దాటడానికి భయమేసింది. పాన్ డబ్బా ముందు నిలబడ్డ ఒక యువకుడు గుర్తుపట్టి, సిగరెట్ పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఠాణాలో కాళ్ళకు దండం పెట్టిన మనిషే. ఈ వయసులో బరువులెందుకు ఆజీ అంటూ ఆమె చేతిలోంచి కవరు తీసుకున్నాడు. రెండో చేత్తో ఆమె మోచేయి పట్టుకుని, ఆటోలను కేకలేసి ఆపుతూ మెల్లగా దాటించాడు. కవరు అడుగు నుంచి ఎర్రనీళ్ళు కారి అతని ప్యాంటు మీద పడ్డాయి. చూసుకుని చేత్తో తుడుచుకున్నాడు. లోపల ఏముందని అడగలేదు. అవతల ఆటో మాట్లాడి, ఆమెను కూర్చోబెట్టి, కవరు ఒళ్ళో పెట్టి, పెద్దావిడ, నెమ్మదిగా తీసుకుపో అని డ్రైవరుకు చెప్పాడు.